కాటా మీది బొంత

మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందిందన్న కబురు కూడా లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నల్లమల అంచున ఉన్న మా ఊరికి దగ్గరలోని చిన్న ఆసుపత్రిలో నా కూతురికి ఆడపిల్ల పుట్టింది. కాన్పు బాగా చేశారు, కాదనను. అక్కడ గోడ మీద ఒక బోర్డు ఉంది. తల్లికీ బిడ్డకూ దేశమంతటా ఎక్కడైనా ఏమేం చేయాలో అందులో రాశారు. పుట్టిన బిడ్డను సరిగ్గా తూచాలి, బరువు తక్కువైతే ఇంటికి ఎక్కువసార్లు వచ్చి చూడాలి అని కూడా ఉంది. కాన్పు అయ్యేదాకా నాకు వేరే పని లేక మొత్తం చదివాను.

నర్సమ్మ బిడ్డను నా చేతిలో పెట్టి రెండున్నర కిలోలని చెప్పింది. నేను ముప్పై ఏళ్లుగా గొర్రెపిల్లలను ఎత్తుతున్నవాణ్ణి. రెండు కిలోలు కూడా లేదన్నాను.

“ఏంది తాతా, మనవరాలిని గొర్రెపిల్ల అనుకుంటివా?”

“గొర్రెపిల్ల అయ్యుంటే బేరగాడు నీ తూకం ఒప్పుకోడు తల్లీ. కాటా చూపించు.”

ఆమె నవ్వుకుంటూనే చూపించింది. పళ్లెంలో మడతపెట్టిన బొంత ఉంది. చలికాలం, పసిబిడ్డలకు ఇనుము చల్లగా తగులుతుందని ఆసుపత్రి ఆయా వేసిందట. మంచి మనసే. కానీ బిడ్డను పెట్టకముందే ముల్లు అరకిలో దాటి నిలబడి ఉంది. సంతలో మేము ఖాళీ గోతాన్ని ముందు తూచి, ఆ బరువు తీసేస్తాం. ఇక్కడ ఎవరూ ఆ పని చేయలేదు.

బొంత తీసి మళ్లీ తూచారు. రెండు కిలోలకు వంద గ్రాములు తక్కువ. నర్సమ్మ నవ్వడం ఆపేసింది. అప్పటినుంచి ఆశా కార్యకర్త మాటిమాటికీ ఇంటికి వచ్చింది. బిడ్డను ఎదకు ఆనించి పడుకోబెట్టడం నా కూతురికి నేర్పింది. నర్సమ్మకూ ఆమెకూ నేను రుణపడి ఉన్నాను.

కానీ ఆసుపత్రిలో ఇచ్చిన బిడ్డ కార్డులో రెండున్నర అట్లనే ఉంది. దిద్దాలంటే పెద్ద డాక్టరు సంతకం కావాలట. ఆ మూడు ఉత్తరాలూ ఆయనకు రాసినవే. నాలుగో నెలలో టీకాకు పోతే, కొత్తగా వచ్చిన నర్సు ఒకామె కార్డు చూసి అందరి ముందూ నా కూతురిని అనింది:

“రెండున్నరతో పుట్టిన బిడ్డ ఇంతేనా పెరిగేది? పాలు ఇస్తున్నావా లేదా?”

నా కూతురు తల వంచుకుంది. రెండు కిలోలు కూడా లేని బిడ్డను ఒళ్లో మోసి బతికించింది నా కూతురు. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను.

ఇప్పుడు పిల్లకు రెండో ఏడు. మేకల వెంట పరుగెత్తి పడుతుంది, లేస్తుంది, మళ్లీ పరుగెత్తుతుంది. ఆసుపత్రిలో బొంత పక్క బల్ల మీదికి మారింది. కాటా పైన ‘ముందు ముల్లు చూడండి’ అని నర్సమ్మ తన చేతితో రాసి అంటించింది. అది చూసినప్పుడల్లా నాకు కడుపు నిండినట్టు ఉంటుంది.

నాకు క్షమాపణ అక్కర్లేదు. ఆ రెండున్నర కొట్టేసి, పక్కన అసలు బరువు వేసి, సంతకం చేయండి. చేయనంటే ఎందుకు చేయరో చెప్పండి. ఎవరు చెబుతారు?