తాళాల గుత్తి చప్పుడు

ఎలుకలకు తిండి పెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా అని నవ్వేవాళ్లున్నారు. నవ్వుకోనివ్వండి. ఎలుకల మావయ్య మాత్రం పంతొమ్మిదేళ్లుగా ఆ ప్రయోగశాలలో ఒక్క పూట కూడా వాటిని పస్తు ఉంచలేదు. పొద్దున పదింటికి తాళాల గుత్తి గలగలలాడించుకుంటూ వచ్చేవాడు. ఆ చప్పుడు వినగానే పన్నెండు ఎలుకలూ ముందుకాళ్లతో బోను ఊచలు పట్టుకుని నిలబడేవి. చెవి చీలినదైతే అతని వేలు నాకేది. "వస్తున్నానర్రా, కొంపలేం మునిగిపోవు" అని కసురుకునేవాడు గానీ, లోపల పొంగిపోయేవాడు.

వాటి తలల్లో సన్నని తీగలుండేవి. మెదడులో ఒకచోట కరెంటు సోకితే సంతోషం, ఇంకోచోట సోకితే భయం పుడుతుందని ఆ ప్రయోగాలు చేసే డాక్టరమ్మ చెప్పింది. అతన్ని నోరారా బాబాయ్ అని పిలిచేది.

ఆ సంవత్సరం ఎలుకలు ఉన్నట్టుండి మారిపోయాయి. అతను రాగానే వెనక మూలకు నక్కి బిగుసుకుపోయేవి. మావయ్య ప్రాణం ఉసూరుమంది. తన వాసన పడటం లేదేమోనని సబ్బు మార్చాడు, తలనూనె మానేశాడు.

"ఎలుకల కోసం ఇన్ని వేషాలా? నేను చెబితే ఒక్క చొక్కా అయినా మార్చావా?" అని భార్య దెప్పింది.

చివరికి డాక్టరమ్మనే అడిగాడు.

"ఏమో బాబాయ్, నాకూ అంతుపట్టడం లేదు. మీరు మాత్రం రోజూ ఎలా వస్తారో అలాగే రండి."

నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు, బాబాయ్ అన్న పిల్లను?

వారం తిరక్కుండానే, ఓరగా ఉన్న తలుపు అవతల ఆమె ఎవరో పెద్దలకు వివరిస్తుంటే విన్నాడు. "గంట మోగించడం కన్నా తాళాల చప్పుడు బాగా పనికొచ్చింది. వాటికి ఎంతో ఇష్టమైన చప్పుడది. అది వినగానే, మెదడులో భయం పుట్టే చోట కరెంటు ఇచ్చాం. పది రోజుల్లో ఇష్టం కాస్తా భయమైంది. ఇప్పుడు కరెంటు కూడా అక్కర్లేదు."

మావయ్య తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. "నాతో ఒక్క మాట అనలేకపోయావామ్మా?"

ఆమె తడబడింది. "చెబితే మీ నడక మారిపోయేది బాబాయ్. ప్రయోగం చెడిపోయేది."

మావయ్యకు ఒళ్లు మండిపోయింది. నిలువునా మోసం చేసి, ఇంకా బాబాయ్ అంటోంది. తాళాల గుత్తి ఆమె బల్ల మీద వదిలేసి, చప్పుడు కాకుండా చెప్పులు విప్పి, గింజలు పట్టుకుని ఎలుకల గదిలోకి నడిచాడు. చెవి చీలినది తలెత్తి చూసి, మూలకు జరిగింది.

"నేనేరా, నేనే" అంటూ ఊచల మధ్యకు వేలు పోనిచ్చాడు.

అతనేనని దానికి తెలుసు. అందుకే రాలేదు.