పాలసొర, ఉడుతపిల్ల, మా అమ్మ

నా చిన్నప్పుడు, ఏడేళ్ళ వయసులో, సొరచేప పిల్లల్నీ ఉడుతపిల్లనీ ఒకేరోజు పక్కపక్కన చూశాను. రెంటికీ పోలికేమిటంటారా? నాకు మాత్రం అవి ఇప్పటికీ విడివిడిగా గుర్తుకు రావు.

అమ్మ రెండో కాన్పుకు నరసాపురం దగ్గర అమ్మమ్మగారింటికి వచ్చింది. తమ్ముడు పుట్టాడు గానీ అమ్మకు పాలు పడలేదు. బాలింతకు పాలు పడాలని మా వైపు పాలసొర అనే చిన్న సొరచేపను వండిపెడతారు. అమ్మమ్మ పెరట్లో కత్తిపీట వేసుకుని కోస్తుంటే, దాని కడుపులోంచి బొడ్డుతాళ్ళతో సహా నాలుగు పిల్లలు బయటపడ్డాయి. చేపలన్నీ గుడ్లే పెడతాయనుకునే నేను నోరెళ్ళబెట్టాను. నా చేతిలో కొబ్బరిచెట్టు మీంచి పడిన ఉడుతపిల్ల ఉంది. ఇంకా కళ్ళు తెరవలేదది.

"ఇదీ మనలాగే పిల్లల్ని కంటుందే. కాకపోతే పాలివ్వదు. దీని పిల్ల పళ్ళతోనే పుట్టి, ఆ రోజు నుంచే తన తిండి తను చూసుకుంటుంది. నీ ఉడుతకి తల్లి లేకపోతే పూట గడవదు" అంది అమ్మమ్మ.

మర్నాటికి అమ్మకు పాలు పడ్డాయి. ఆ సాయంత్రమే తమ్ముడు పోయాడు.

అమ్మ ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. రవిక పాలతో తడిసిపోతున్నా పట్టించుకోలేదు, మెతుకు ముట్టలేదు. ఏడవకపోతే మనిషి దక్కదని అమ్మమ్మ భయం. రెండో రోజు గది గుమ్మంలో నిలబడి, అమ్మకు వినబడేలా నన్ను కేకలేసింది. "నీ ఉడుత ఆవుపాలు తాగట్లేదుగా, ఇంకది బతకదు. పట్టుకెళ్ళి కాలవగట్టున పడేసి రా!" అమ్మమ్మ అంత కఠినంగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. భోరుమన్నాను. లోపల్నుంచి "ఇలా తే" అన్న అమ్మ గొంతు వినబడింది. అమ్మమ్మది నాటకమని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

అమ్మ ఉగ్గుగిన్నెలోకి తన పాలు పిండి, దూదివత్తితో దానికి పట్టేది. తనూ నాలుగు మెతుకులు తినేది. అలా ఎనిమిది రోజులు గడిచాయి. తొమ్మిదో రోజు పొద్దున్న ఉడుతపిల్ల కదల్లేదు.

అప్పుడేడ్చింది అమ్మ. కాలవ అవతలి వాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు. "ఉడుతపిల్ల కోసం ఇంత ఏడుపేంటండీ?" అంది పక్కింటావిడ. "దాని పేరు చెప్పి ఏడుస్తోందమ్మా, ఏడవనివ్వండి" అంది అమ్మమ్మ.

మా ఆయన చనిపోయిన ఏడాది, పప్పు మాడిందని నేను పొయ్యి ముందు కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. అప్పటికి బాగా ముసలిదైపోయిన అమ్మ గోడ పట్టుకుని వచ్చి, ఏమీ అడక్కుండా నా పక్కన కూర్చుంది. నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఎవరు ఎంత చిన్నదానికి ఏడ్చినా, "ఇంతమాత్రానికేనా" అన్న మాట నా నోట రాదు.