నీలిబానల ఇంటి నాలుక

మా మనవరాలు కాలేజీలో చేరిన వారానికే తెల్లకోటు, కళ్ళకు పెట్టుకునే పెద్ద అద్దాలు కొనుక్కొచ్చింది. కెమిస్ట్రీ ల్యాబుకట. రెండూ తగిలించుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, "తాతా, ల్యాబుల ఏదీ నోట్ల పెట్టుకోవద్దని సార్ ఒకటే చెప్పుడు. ఎవరన్న పెట్టుకుంటరా? మేమేమన్న చిన్నపిల్లలమా?" అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పెట్టుకున్నవాడు మా ఇంట్లోనే ఉండేవాడు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెబుదామనుకున్నాను గానీ ఫోను మోగింది, లేచి వెళ్ళిపోయింది. చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోతే నాకు ఆ పూట అన్నం సయించదు, అందుకని ఇలా కాగితం మీద పెడుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. వరంగల్లులో మాది నూలుకు రంగు వేసే ఇల్లు. జర్మనీ రంగుపొడి రావడం మానేసింది, మళ్ళీ అందరూ పాత నీలిమందు మీద పడ్డారు. మా పెరటి వసారాలో నీలిబానలు మెడల దాకా భూమిలో పాతి ఉండేవి. వాటికి సున్నం, బెల్లం ఏ పాళంలో పడాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. తెల్లవారగానే బానలో వేలు ముంచి ఒక్క చుక్క నాలుక మీద వేసుకోవాలి. కరిస్తే సున్నం ఎక్కువైనట్టు, చప్పగా ఉంటే తక్కువైనట్టు. పాళం తప్పితే బాన చచ్చిపోయిందనేవాళ్ళు, నిజంగా ఇంట్లో మనిషి పోయినట్టే పెద్దమ్మ ఆ పూట పొయ్యి వెలిగించేది కాదు. మా పెదనాన్నను పెద్దబాపు అనేవాళ్ళం, ఆయన నాలుక జర్దా నమిలి నమిలి మొద్దుబారిపోయింది. ఆ పని ఆయన కొడుక్కి, అంటే మా అన్నకి వచ్చింది. చిన్నప్పటి నుంచీ వాడికి మిరపకాయ తినిపించలేదు, వేడి చాయ్ ఇవ్వలేదు. మేమంతా పచ్చడి నంజుకుంటుంటే వాడు పెరుగన్నం ముందు కూర్చుని గుడ్లప్పగించి చూసేవాడు. అమావాస్య అమావాస్యకీ పెద్దమ్మ వాడి చేత నోరు తెరిపించి మరీ దిష్టి తీసేది. ఆ నాలుక మీదే మా ఇల్లు నడిచింది, మా దగ్గర నూలు రంగు వేయించుకునే సాలోళ్ళ మగ్గాలూ నడిచాయి.

అలాంటివాణ్ణి కాలేజీకి ఎందుకు పంపారంటారా? యుద్ధం అయిపోతే సీమరంగులు మళ్ళీ వచ్చిపడతాయనీ, వాటి గుట్టేదో మనవాడు నేర్చుకుని ఉండాలనీ పెద్దబాపు ఆలోచన. అప్పట్లో ఇంటర్మీడియట్ కూడా యూనివర్సిటీ చదువే, చెప్పేదంతా ఉర్దూలోనే. రసాయన శాస్త్రాన్ని కీమియా అనేవాళ్ళు. అన్నతో పాటు నన్నూ అదే క్లాసులో వేశారు. మొదటిరోజు మా లెక్చరర్ సాబ్ మమ్మల్ని ల్యాబులోకి తీసుకుపోయాడు. ఒకే కిటికీ ఉన్న గది, కుళ్ళిన గుడ్ల కంపు. అందరినీ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమన్నాడు. బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టాడు, రెండింట్లోనూ మంచినీళ్ళలాంటిదే ఉంది. షేర్వానీ జేబులోంచి తన చేతిరుమాలు తీసి ఒక గ్లాసులోంచి చుక్క వేశాడు, తడిసింది. రెండో దానిలోంచి వేశాడు. గుడ్డ మా కళ్ళ ముందే నల్లబడి, చివికి, చిల్లుపడింది. ఆ చిల్లు గుడ్డను అందరికీ ఎత్తి చూపించాడు. తర్వాత నెమ్మదిగా, ఈ గదిలో మీ కంటినీ ముక్కునూ చేతినీ, దేన్నీ నమ్మకండి అన్నాడు. నా పక్కన అన్న వంగి గుసగుసగా, "నాలికె మాట చెప్పలే చూడు" అన్నాడు.

ఆనాటి నుంచి వాణ్ణి చూస్తుంటే నాకు గుండె దడే. సాబ్ ఒక్కొక్కరికీ పేరులేని లవణం ఇచ్చి, పరీక్షలు చేసి అదేదో కనుక్కోమనేవాడు. మేము దీపాల మీద గొట్టాలు మాడ్చుకుంటూ ఉంటే అన్న సాబ్ చూడకుండా అటు తిరిగి వేలు నోట్లో పెట్టుకుని, ఇది పటిక, ఇది నవాసాగరం అని చెప్పేసేవాడు. ఒక్కటీ తప్పలేదు. సాబ్ వాడి భుజం తట్టి శభాష్ అంటుంటే క్లాసంతా వాడిని ఈర్ష్యగా చూసేది. నేను మాత్రం ఇంటికొచ్చే దారంతా బతిమాలేవాణ్ణి. "అన్నా, జర వద్దే. ఏదో ఒకనాడు మీదికొస్తది." వాడు నవ్వేవాడు. "తేజాబ్ నాకు వాసనకే ఎర్కైతది తమ్మీ. ఫికర్ చెయ్యకు." నిజమే, తేజాబుల, అంటే యాసిడ్ల, జోలికి వాడు పోలేదు. మా భయమంతా వాటి గురించే.

వానాకాలం చివర్లో ఒకరోజు వాడికి ఒక సీసా వచ్చింది. రంగు లేదు, వాసన లేదు. వేళ్ళ మధ్య రాసి చూశాడు, సబ్బులా జారింది. వాడి ముఖం విప్పారింది. "ఇది మనింటిదేరా! సున్నపు తేట" అన్నాడు. కొత్తదానికైతే చుక్కే ముట్టేవాడు. ఇంటిదనుకున్నాడు గనక గాజుపుల్ల నిండా తీసి నాలుక మీద పరుచుకుని, బాన దగ్గర చేసినట్టే కళ్ళు మూసుకుని రుచి కోసం ఆగాడు. తేజాబ్ అయితే వెంటనే మంటపెట్టి ఉమ్మేయించేది. ఇది మెత్తగా ఊరుకుంది, చల్లగా పని చేసుకుపోయింది. సాబ్ చూసి బల్లలు తోసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. కుండలో నీళ్ళన్నీ వాడి నోట్లో గుమ్మరిస్తూ, "కిత్నా బేటా? కిత్నా?" అని, ఎంత వేసుకున్నావని ఏడుపు గొంతుతో అడుగుతున్నాడు. అది కాస్టిక్ సోడా. అన్న జవాబు చెప్పబోయాడు గానీ మాట రాలేదు.

దవాఖానలో ప్రాణానికి భయం లేదన్నారు. పుండు మానింది, మాటా వచ్చింది. అన్న ఇంటికొచ్చిన మర్నాడు తెల్లవారుజామున అందరం వసారాలో చేరాం. అన్ని రోజులూ బానలను ఎవరూ ముట్టలేదు. అన్న మోకాళ్ళ మీద కూర్చుని వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. మళ్ళీ ముంచాడు. ఇంకోసారి. పెద్దబాపు చిలపలుగా చుట్టిన నూలు చేతుల్లో పట్టుకుని నిలబడి, "ఎట్లున్నది బిడ్డా?" అన్నాడు. వాడు తండ్రి ముఖంలోకి చూసి, "మంచిగున్నది" అన్నాడు. పెద్దబాపు వంగి చిలపను నీళ్ళకు తగిలించబోయాడు. అప్పుడు అన్న ఆయన రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు.

"ముంచకు బాపూ. నాకేం తెలుస్తలేదు."

పెద్దబాపు మెల్లగా చేతులు విడిపించుకున్నాడు. చిలపలను తీసుకెళ్ళి వాసం మీద తెల్లగానే ఆరేశాడు, తడవని నూలును ఎందుకు ఆరేశాడో ఆయనకే తెలియాలి. ఆ నెలలోనే బానలు ఒకటొకటిగా చచ్చిపోయాయి. ఆ బానల వయసు మాలో ఎవరికీ తెలియదు, మా తాతకు కూడా తెలియదనేవారు. అన్నేళ్ళ కాలం ఒకడు కళ్ళు మూసుకుని రుచి కోసం ఆగినంత సేపట్లో అయిపోయింది.