పెచ్చుల కిటికీ

శామీర్‌పేట రోడ్డు పక్కన, పడగొట్టిన ఇళ్ల కిటికీలు అమ్మే బాల్‌రెడ్డి తెల్ల చొక్కా ఎప్పుడూ మాయదు. పెద్ద కారు ఆగితేనే కుర్చీలోంచి లేస్తాడు. ఏ కిటికీనీ వట్టి చేత్తో తాకడు, చేతిరుమాలుతో పట్టుకుని తిప్పి చూపిస్తాడు. తన చేతికి అంటని ఆ పాత రంగు పొడి ఎవరింటికి పోతే ఆయనకేం? చెదలు తిన్న చోట మైనం నింపేస్తాడు, ఊడిపోతున్న రంగును మాత్రం అలాగే ఉంచుతాడు. "గా పెచ్చులల్లనే ఉంది మేడం అందమంతా" అంటాడు, సిగ్గు లేకుండా.

మొన్న బహదూర్‌పల్లి నుంచి శ్రావణి బిడ్డను చంకనేసుకుని వచ్చింది. ఇంట్లో ఉయ్యాల పక్కన గోడకు అలంకారంగా పెట్టాలని ఒక నీలం కిటికీ ఎంచుకుంది.

"పాత రంగుల సీసం ఉంటదంట గదా, పిల్లలకు విషమంట. తడిపి గీకి, వార్నిష్ కొట్టియ్యుండ్రి" అని అడిగింది.

బాల్‌రెడ్డి మొహం చిట్లించాడు. "గీకితే గది పాత కిటికీ ఎట్లయితది? మస్తు మంది తీస్కపోయిన్రు, ఎవ్వలకేం కాలే."

శ్రావణికి ఒళ్లు మండింది. "అయితే మీ ఇంట్ల ఎన్ని పెట్టుకున్నరు?"

ఆయన చేతిరుమాలు దులుపుతూ, ఆలోచించకుండానే అన్నాడు: "మా ఇంట్లనా? మనుమడు అంబాడుతుండు గదమ్మా!"