పెదనాన్నకు దొరికిన జోడీ

దసరా సెలవుల్లో పెదనాన్నను చూసి రావాలని శ్యామ్ నిర్ణయించుకున్నాడు. నిర్ణయించుకోవడం అతనికి బాగా వచ్చు. ఉగాదికీ ఇదే నిర్ణయం, వినాయక చవితికీ ఇదే. అతని ఇల్లు మదీనాగూడలో. పెదనాన్న వెంకటరామయ్య ఉండేది ఖాజాగూడలో, పెద్దవాళ్ల కోసం కట్టిన ఒక సీనియర్ లివింగ్‌లో. ఎందుకు వెళ్లలేదని ఎవరైనా అడిగితే, "ట్రాఫిక్ అండీ" అనేవాడు.

ఈసారి నిజంగానే బయల్దేరాడు. కారు నడుపుతూ తన జాలిగుండెకు తానే ముచ్చటపడ్డాడు. పెద్దవాళ్లతో గట్టిగా, నెమ్మదిగా మాట్లాడాలని, పాత జ్ఞాపకాలు అడగాలని ఎక్కడో చదివాడు. పెద్దమ్మ పోయాక పాపం ఆయన ఒంటరిగా కిటికీ పక్కన కూర్చుని ఉంటాడు. తనను చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. అప్పుడు భుజం మీద ఏ చెయ్యి వేయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు.

తీరా చూస్తే గదికి తాళం. పెదనాన్న కింద హాల్లో పంచె ఎగగట్టి, క్యారమ్స్ బల్ల ముందు నిలబడి ఎవరితోనో పోట్లాడుతున్నాడు.

"పెదనాన్నా! బా...గు...న్నా...రా?"

"నా చెవులు బాగానే ఉన్నాయిరా. నీకు క్యారమ్స్ వచ్చా?"

సంగతేమిటంటే, పండగ పోటీల్లో ఆ రోజే ఫైనల్. పెదనాన్న జోడీ పుణ్యవతిగారేమో పొద్దున్నే కూతురింటికి వెళ్లిపోయారు. బల్లకు అవతలివైపు, కరీంనగర్‌లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన రాజయ్య, ఆయన భార్య లక్ష్మీదేవి కాచుకుని కూర్చున్నారు.

"జోడీ లేకుంటే మీరు ఓడినట్టే సార్. ఇగ జల్ది చెప్పుర్రి," అన్నాడు రాజయ్య.

"నేను కాలేజీ చాంపియన్‌ని," అన్నాడు శ్యామ్. ఆ కాలేజీలో ఆడేవాళ్లే నలుగురన్న సంగతి చెప్పలేదు.

మొదటి దెబ్బకే స్ట్రైకర్ వెళ్లి మూలలో పడింది. రెండోసారి కాయిన్ పడింది గానీ, లక్ష్మీదేవిగారు, "బిడ్డా, గా కాయిన్ మాది. మంచిగ ఏసినవ్," అని మెచ్చుకున్నారు.

అయినా పెదనాన్న ఒక్కడే ఆటను లాక్కొచ్చాడు. చివరికి రెడ్ కాయిన్ మూల అంచున నిలిచింది. ఊదినా పడేలా ఉంది. వంతు శ్యామ్‌ది.

"మెల్లగా తగిలించు. అంతే," అన్నాడు పెదనాన్న ఊపిరి బిగబట్టి.

శ్యామ్ ఒక కన్ను మూసి, గురి చూసి, బలంకొద్దీ కొట్టాడు. రెడ్ ఎగిరి బల్ల దాటి రాజయ్య కుర్చీ కిందికి దొర్లింది. స్ట్రైకర్ మాత్రం బుద్ధిగా మూలలోకి దిగింది. కాయిన్ తెచ్చి మధ్యలో పెడితే, లక్ష్మీదేవిగారు దాన్నీ, దాని వెంటే తమ ఆఖరి కాయిన్నీ వేసేసి కుచ్చిళ్లు సర్దుకున్నారు.

"చిన్నప్పుడూ ఇంతే వెధవా నువ్వు! మెల్లగా అంటే వింటేగా!"

పెదనాన్న అరుపుకు హాలంతా తిరిగి చూసింది. ఆఫీసులో ఒక టీమ్ మొత్తం శ్యామ్ మాటకు తలూపుతుంది. ఇక్కడ అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ వెంటనే, ఆపుకుందామన్నా ఆగకుండా నవ్వొచ్చింది. అతన్ని వెధవా అని పిలిచేవాళ్లు ఈ ఊళ్లో ఇంకెవరూ లేరు.

భోజనాల దగ్గర పెదనాన్న తన కుర్చీని అతనికి దూరంగా, రాజయ్య పక్కకు జరుపుకున్నాడు. శ్యామ్‌కు చదివిన సలహా గుర్తొచ్చింది.

"పాత సంగతులేమైనా చెప్పండి పెదనాన్నా."

"ఇందాక నువ్వు కొట్టిన రెడ్ గురించి చెప్పనా?"

రాజయ్యకు పొలమారింది.

ఇప్పుడు శ్యామ్ ప్రతి శనివారం వెళ్తున్నాడు. పెద్దాయనకు తోడు కావాలి కదా అని భార్య జయంతికి చెప్తాడు. పుణ్యవతిగారు తిరిగొచ్చేశారు కాబట్టి బల్ల దగ్గర అతనికి చోటు లేదు. పౌడర్ చల్లే పని ఇచ్చారు. పోయిన వారం ఎక్కువ చల్లాడని లక్ష్మీదేవిగారు కోప్పడ్డారు.