బాయిలర్ అరలో పెరుగు

మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు క్రోన్స్ అన్నారు. పేగుల్లో పుండ్లు పడే జబ్బు, జన్మంతా వదలదట. ఆస్పత్రి నుంచి లండన్ శివారులో మేముండే హారోకి బస్సులో తిరిగొస్తూ నేను ఏడవలేదు. ఇంట్లో టమాటాలున్నాయా లేదా అని ఆలోచించాను.

ముందు పేగులకు విశ్రాంతి కావాలన్నారు. కొన్ని వారాలపాటు అన్నం లేదు, ఇడ్లీ లేదు, పూటపూటకూ ఆస్పత్రి వాళ్లిచ్చిన పాలలాంటి పానీయం ఒక్కటే. నేనూ మా ఆయనా వంటగది తలుపేసుకుని, తాలింపు లేకుండా, దొంగల్లా తినేవాళ్లం. రుచి తెలిసేది కాదు.

పసితనంలో దానికి చెవిపోటు వచ్చినప్పుడల్లా మా పేట జీపీ డాక్టరు అరటిపండు వాసనేసే యాంటీబయాటిక్ రాసేవాడు. "దానివల్లే వచ్చిందా?" అని పెద్ద డాక్టర్ని అడిగాను. పేగుల్లో మనతోపాటే బతికే సూక్ష్మజీవులుంటాయనీ, వాటికీ ఈ జబ్బుకీ ఏదో సంబంధం ఉన్నట్టుందనీ చెప్పాడాయన. ఆ మందువల్లేనా అంటే మాత్రం తెలియదన్నాడు. అంత చదువూ చదివి తెలియదంటాడేమిటని ఒళ్లు మండింది. ఆ రోజుల్లో నాకు కోపమంటూ వచ్చింది అప్పుడొక్కసారే.

కింద ఫ్లాట్‌లో ఉండే తెనాలి ఆంటీకి తెలియనిది లేదు. స్టీలు గిన్నెలో తోడు తెచ్చిచ్చింది. "కడుపు చల్లబడాలంటే పెరుగేనమ్మా. పిల్ల తినే రోజొచ్చేదాకా తోడు తెగనియ్యమాక" అంది. నేను నమ్మానని కాదు, చేతులకి ఏదో ఒక పని కావాలి. రోజూ పాలు కాచి, తోడేసి, గిన్నెకి తువ్వాలు చుట్టి వేణ్ణీళ్ల బాయిలర్ ఉండే వెచ్చటి అరలో పెట్టేదాన్ని. మర్నాడు మేం తినగా మిగిలింది పారబోసి, రెండు చెంచాలు మళ్లీ తోడుకి ఉంచేదాన్ని.

తర్వాత ఒక్కొక్క పదార్థమే మొదలుపెట్టమన్నారు. చివరికి పెరుగు వంతు వచ్చింది. అన్నంలో ఇంత ఉప్పేసి మెత్తగా పిసికి దాని ముందు పెట్టాను. ఒకప్పుడు గిన్నె అడుగు దాకా నాకిన పిల్ల, చెంచా పట్టుకుని ఊరికే కూర్చుంది.

"అమ్మా, విల్ ఇట్ హర్ట్?"

నొప్పి రాదమ్మా అనబోయాను.

"తెలీదు నాన్నా" అన్నాను.

అది కాసేపు నా మొహంలోకి చూసింది. "దెన్ హోల్డ్ మై టమ్మీ" అని నా చెయ్యి లాగి పొట్టమీద పెట్టుకుని, మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది.

బస్సులో రాని ఏడుపు అప్పుడొచ్చింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.