నేనేమన్నా తాగుబోతునా?

సిగరెట్ వాసన తగిలితే నేను ఈనాటికీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. పెళ్లయి పుంగనూరు వచ్చిన మొదటి రోజు నుంచీ ఇదే తంతు. మా ఆయన చెడ్డవాడని కాదు. నా మీద ఒక్కనాడూ గొంతు పెంచిన మనిషి కాదు. కానీ పక్కన కూర్చుంటే బూడిద కంపు. చొక్కా నానబెడితే నీళ్లు కంపు, దిండు ఎండకు వేస్తే దిండు కంపు. పైగా కాఫీ తాగిన గ్లాసులోనే సిగరెట్ పీక పడేసేవాడు. అడుగున మిగిలిన రెండు గుక్కల కాఫీలో అది నాని, ఉబ్బి, పసుపురంగు తేలి, పురుగులా కనిపించేది. దాన్ని వేలితో తీసి పారేసి ఆ గ్లాసు కడగాల్సింది నేను. థూ! ఎన్నిసార్లు తోమినా ఆ గ్లాసులో ఇంకెవరికీ కాఫీ పోయబుద్ధయ్యేది కాదు.

మాకు ఇంటి ముందే కిరాణా అంగడి. అంగడి గుంజకు ఒక కొబ్బరిపీచు తాడు వేలాడుతుండేది. పొద్దున దాని కొసకు నిప్పు అంటిస్తే మంట లేకుండా సాయంత్రం దాకా కణకణమంటూ ఉండేది. బీడీలు కొన్నవాళ్లు వంగి ఆ తాడు దగ్గరే ముట్టించుకుని పోయేవాళ్లు. దేవుడి దగ్గర దీపం పెట్టాక తాడుకు నిప్పు పెట్టడం కొత్తకోడలి పని. మా ఆయనా అంతే, గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి, తాడు దగ్గరికి పోయి, ముట్టించుకుని వచ్చి కూర్చునేవాడు. మళ్లీ కాసేపటికి లేచేవాడు.

మా అత్తతో మొరపెట్టుకున్నాను. "మగోడన్నాక ఆ మాత్రం ఉంటాదిలే అమ్మా" అని కొడుకును వెనకేసుకొచ్చింది. ఆ మాట అంటూనే నశ్యం చిటికెడు ముక్కులోకి ఎక్కించి, నల్లగా కారిన చీమిడిని కొంగుతో తుడుచుకుంది. ఇంక ఆమెకు ఏం చెప్పాలి? నా ఖర్మ అనుకుని లోపలికి వచ్చేశాను.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు సిగరెట్ కంటే ఎక్కువ రోత పుట్టించిన మనిషి వేరే ఉన్నాడు. సాక్షాత్తూ నా తోడబుట్టిన అన్న. మా పుట్టిల్లు కుప్పం, అన్నకు అక్కడ బట్టల అంగడి. పీకల దాకా తాగేవాడు. నేను పుట్టింటికి వెళ్లినప్పుడల్లా వసారాలో వాంతి కడగడంతోనే తెల్లారేది. ఒకసారి పట్టపగలు బస్టాండులో, లుంగీ ఎక్కడికి పోయిందో తెలియకుండా బోర్లా పడి ఉన్నాడు. జనం చుట్టూ నిలబడి నవ్వుతున్నారు. నేనూ వదినా చెరొక చెయ్యి పట్టుకుని లేపుతుంటే నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. మద్యనిషేధం వచ్చిందని తెలిసిన రోజు వదిన దేవుడికి కొబ్బరికాయ కొట్టింది, పిచ్చితల్లి. కుప్పంలో నిషేధమైతే ఏం, బస్సెక్కితే కర్ణాటక ఎంత దూరం? అన్న ఉద్యోగానికి పోయినట్టు పొద్దున్నే బస్సెక్కి, ప్యాకెట్ సారాయి తాగి, సాయంత్రం బస్సులో పడుకుని వచ్చేవాడు.

ఆ సంగతి విని మా ఆయన చీదరించుకునేవాడు. "మనిషన్నాక ఒళ్లు దగ్గర పెట్టుకోవద్దా? ఛీ, తాగుబోతు బతుకూ ఒక బతుకేనా?" అనేవాడు. కుప్పం వెళ్లినప్పుడు మా పుట్టింటి వాకిట్లోనే ఆ నీతులు చెబుతూ సిగరెట్ బూడిద వదిన వేసిన ముగ్గులో రాలుస్తూ ఉండేవాడు. అప్పుడు నాకు ఆ బూడిద కనబడలేదు, ఆయన మాటే నిజమనిపించింది.

చివరికి వదిన పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయి కూర్చుంది. అప్పుడు పెద్దవాళ్లు అన్నను కాణిపాకం లాక్కెళ్లారు. మా జిల్లాలో అందరికీ తెలిసిందే, వినాయకుడి ముందు తడిబట్టలతో నిలబడి ప్రమాణం చేస్తే తప్పడానికి ఎంతటివాడికైనా గుండెలు చాలవు. అన్న మందు ముట్టనని ప్రమాణం చేశాడు. ఇంటికొచ్చాక ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. నీళ్ల చెంబు కూడా నిలకడగా పట్టుకోలేక స్తంభాన్ని వాటేసుకుని కూర్చునేవాడు. అయినా తట్టుకున్నాడు, నిజంగా మానేశాడు. వదిన తిరిగొచ్చింది. ఇంత ఘోరమైన తాగుబోతే మానగలిగాడు కదా, సిగరెట్ మానడం ఒక లెక్కా అని నేను అమాయకంగా అనుకున్నాను.

ఆ లెక్క ఏమిటో తొందరలోనే తెలిసింది. మా ఆయనకు నాలుగడుగులు నడిస్తే పిక్క పట్టేసేది. తర్వాత ఎడమకాలి చిటికెనవేలు చల్లబడింది, గోరు చుట్టూ నల్లబడింది. చూస్తుండగానే నిప్పుల్లో కాల్చిన వంకాయ తొక్కలా అయిపోయింది. దాని వాసన నేను చెప్పలేను. సిగరెట్ కంపు, ఆ వేలి కంపు కలిసి పడకగదిలో నిలబడిపోయాయి. ఆయనే మొదట చొక్కా అంచుతో ముక్కు మూసుకునేవాడు, ఆ తర్వాత అదే ముక్కుతో పొగ వదిలేవాడు.

మదనపల్లెలో పెద్ద డాక్టరుకు చూపించాం. ఆయన కాలి కంటే ముందు చొక్కా వాసన చూశాడు. "ఈ పొగకు మీ కాళ్లలో రక్తనాళాలు మూసుకుపోతున్నాయి. మానితే పాదం దక్కుతుంది. మానకపోతే ముందు వేళ్లు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలు. తగ్గిస్తానంటే కుదరదు, పూర్తిగా మానాలి" అన్నాడు. మా ఆయన బుద్ధిగా తలూపాడు. పుంగనూరులో బస్సు దిగాడో లేదో, బంకు దగ్గర ఒకటి ముట్టించాడు. "డాక్టరు అట్ల సెప్పినాక మనసు బాగలేదే" అన్నాడు. ఛీ! ఏ మాట వింటే మానాలో ఆ మాటే సాకు చేసుకున్నాడు.

"కాణిపాకం పోదాం రండి. మా అన్ననే మాన్పించిన దేవుడు" అన్నాను.

గొంతు పెంచకపోయినా ఆయనకు కోపం రావడం అప్పుడే చూశాను. "నేనేమన్నా తాగుబోతునా? వాళ్ల వరసలో తడిగుడ్డల్తో నిలబడాలా? ఎవరన్నా సూస్తే పుంగనూరు అంగడాయన మందుకు పడిపోయినాడని ఊరంతా అనుకోరా? నా అంతట నేనే మానేస్తా పో!"

బతిమాలాను, తిట్టాను, చిలక్కి చెప్పినట్టు చెప్పాను. పరువు అడ్డమొచ్చింది మహానుభావుడికి. కాలు కుళ్లుతుంటే పోని పరువు ప్రమాణం చేస్తే పోతుందట! ఆయన అంతట ఆయన మానడం ఎలా ఉండిందంటే, రెండు రోజులు లవంగాలు నమిలాడు, పిప్పరమెంట్లు చప్పరించాడు, తర్వాత గుట్కా మొదలుపెట్టాడు. ఒకరోజు బియ్యం మూటలు జరిపితే వెనక గోడంతా ఎర్రటి ఉమ్ము, గడ్డకట్టి కారిపోయి ఉంది. పక్కనే సిగరెట్ పీకలు. ఆ గోడ కడుగుతూ నేను ఏడ్చాను, బియ్యం మూట మీద కూర్చుని మళ్లీ ఏడ్చాను.

ఆ కోపంలోనే ఆయన ముందు నిలబడి అనేశాను. "మీరు మానేదాకా నేను కాఫీ ముట్టను."

నాకు కాఫీ అంటే ప్రాణం. పొద్దున ఫిల్టర్లో డికాక్షన్ దిగే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఆయన నవ్వాడు. "కాఫీకీ దీనికీ సాపత్యమా?" అన్నాడు. నిజమే, సాపత్యం లేదు. కానీ నాకు మాత్రం తల బద్దలయింది. ఊరికే చికాకు, ఎవరు పలకరించినా కసురుకోవడం. పక్కింట్లో డికాక్షన్ దిగుతుంటే ఆ గోడకు చెవి ఆనించి నిలబడ్డాను, ఏం వినాలనో తెలియదు. ఆయన లోపల ఏం పీకుతోందో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది. అర్థమైంది కానీ నేను ముట్టలేదు. ఆ ఫిల్టర్ను కడిగి అటక మీద పెట్టేశాను.

ఇంకొకటి కూడా అర్థమైంది. తాగుబోతును చూసి అందరూ ఉమ్మేస్తారు. మానేశాడంటే వాడి దరిదాపుల్లోకి సీసా రానివ్వరు. సిగరెట్ మానేశానన్న వాడికి మాత్రం ఊరంతా చుట్టాలే. టోకు వ్యాపారి వస్తే పెట్టె చాపుతాడు. పెళ్లి మాటల్లో తాంబూలం పక్కన సిగరెట్లు పెడతారు. "ఒక్కటే గదన్నా, ఏమవుతాది?" అంటారు. మా అన్న ఒక్క సారాయిని ఎదిరిస్తే సరిపోయింది. మా ఆయన మర్యాదస్తులందర్నీ ఎదిరించాలి, అది ఆయన వల్ల కాలేదు.

చిటికెనవేలు, పక్కవేలు మదనపల్లె ఆసుపత్రిలో తీసేశారు. ఇంక ఒక్క సిగరెట్ తాగినా పాదం దక్కడం తన చేతుల్లో లేదని డాక్టరు మళ్లీ చెప్పాడు. అత్తకు చూపు సరిగా ఆనదు, అంగడి చూసుకోవడానికి నేను పుంగనూరు రాక తప్పలేదు. ఆయన దగ్గర ఉండటానికి కుప్పం నుంచి మా అన్న వచ్చాడు. నాకు ఎంత ధైర్యమొచ్చిందో! అలవాటు మానడమంటే ఏమిటో తెలిసినవాడు, ఆయన్ని కాపలా కాయడానికి వాడికంటే ఎవరు దొరుకుతారు అనుకున్నాను.

మధ్యాహ్నం బస్సుకు క్యారియర్ తీసుకుని వెళ్లాను. మంచం ఖాళీగా ఉంది. వార్డులో ఊడ్చే ఆమె కిటికీ వైపు చెయ్యి చూపించింది. వెనక్కి పోయి చూస్తే, కట్లు ఉతికే కొళాయి పక్కన, పుండ్ల నీళ్లు పారే కాలువ గట్టున మా ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కట్టు కట్టిన కాలు ఇటుకల మీద చాపి ఉంది. అన్న అగ్గిపుల్ల గీసి రెండు చేతులూ గాలికి అడ్డం పెట్టి ఆయన నోట్లో సిగరెట్ ముట్టించాడు. అదే పుల్లతో తనదీ ముట్టించుకున్నాడు.

"ఏందన్నా ఇది?" దగ్గరికి పోయి అడిగాను.

అన్న ఉలిక్కిపడ్డాడు. "అరవొద్దు పాపా. రాత్రంతా ఏడిసినాడు బావ. సూడలేకపోయినా."

"మరి నీ నోట్లో ఏంది?"

"నేను ప్రమాణం చేసింది మందుకు గదా. దీన్ని పట్టుకోనే దాన్ని వదిలినా. మీ వదినే తెచ్చిస్తాది."

"నీ చేతులు వణికే రోజుల్లో ఎవరన్నా పాపమని ఒక సారాయి ప్యాకెట్ తెచ్చిచ్చుంటే?"

"వాన్ని నరికేసుండేవాన్ని" అన్నాడు తడుముకోకుండా. చేతిలోని సిగరెట్ వైపు చూసుకుని, "ఇది అట్లాంటిది కాదులే పాపా" అని గొణిగాడు.

నేను చూస్తుండగానే మా ఆయన గబగబా రెండు దమ్ములు లాగాడు, ఎక్కడ లాక్కుంటానో అని. ఆ బుగ్గలు లోపలికి పోవడం, ఆ కళ్లు మూతపడటం చూసి నాకు అసహ్యం ముంచుకొచ్చింది. భర్తనీ అన్ననీ అంత అసహ్యంగా చూడాల్సి వస్తుందని అనుకోలేదు. క్యారియర్ మూత తీసి అన్నం, పప్పు, అంతా ఆ కాలువలో కుమ్మరించి బస్సెక్కాను.

పుండు మానలేదు. మామిడికాయలు దిగే రోజులకు మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. అన్న ఎవరికీ చెప్పకుండా మళ్లీ కాణిపాకం వెళ్లి, ఈసారి సిగరెట్ మీద ప్రమాణం చేసి వచ్చాడు. గుమ్మంలో కూర్చుని, "నేనే ఇచ్చినా గదా పాపా, నా సేతుల్తో నేనే" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నువ్వు కూడా రా బావా అని పిలిచాడు. "కాలే పోయినాక ఇంకేం తాగుతాలే" అన్నాడు మా ఆయన. అందరితో మానేశాననే చెప్పేవాడు. ఇంకో కాలుంది కదా, దానికోసమైనా మానాడేమోనని నాకు లోలోపల ఆశ. అయినా కాఫీ జోలికి పోలేదు, ఇంకొన్నాళ్లు చూద్దామనుకున్నాను.

ఆయన మళ్లీ అంగడిలో కూర్చున్న మొదటి రోజు నేను తాడుకు నిప్పు పెట్టలేదు. దాన్ని అంతకు ముందే కోసి పెంటలో పారేశాను. ఒక రైతు వచ్చి బీడీకట్ట కొన్నాడు, ఒకటి నోట్లో పెట్టుకుని అలవాటుగా గుంజ వైపు వంగాడు. తాడు లేదు. మా ఆయన అలమరలోంచి అగ్గిపెట్టె తీసి, పుల్ల గీసి, తానే ముందుకు వంగి ముట్టించాడు. పొగ వచ్చిన వైపు ముక్కు సాచాడు. రైతు ఆ కాలి వైపు, ఆ మొహం వైపు చూశాడు.

"పాపం, ఒకటి కాల్సుకో అన్నా" అని బీడీ చాపాడు.

మా ఆయన నా వైపు చూడకుండా అందుకున్నాడు.

లోపలికి పోయి అటక మీది ఫిల్టర్ దించాను. లోపల బూజు పట్టి ఉంది, శుభ్రంగా తోమాను. అంగడిలోకి వచ్చి ఆయన తల మీదుగా చెయ్యి చాపి కాఫీపొడి ప్యాకెట్ తీసుకున్నాను. డికాక్షన్ దిగేదాకా పొయ్యి దగ్గరే నిలబడి, చిక్కగా కలుపుకుని, గ్లాసు తెచ్చుకుని అంగడి గడప మీద కూర్చున్నాను. ఒక గుక్క తాగాను. ఎన్నాళ్లయిందో!

ఆ వాసనకు ఆయన తిరిగి చూశాడు. ముట్టించిన బీడీ చేతిలో అట్లాగే ఉంది.

"ఏమే, కాఫీ తాగతాండావా? నేనింకా మానలేదే."

"తెలుసు."

బీడీ వైపు చూసుకుని చాలా మెల్లగా అడిగాడు. "అంటే, నా మీద ఆశ వదులుకున్నట్టేనా?"

"కాఫీ సల్లారిపోతాది" అన్నాను. "నన్ను తాగనీండి."